ఫొటో కింద మేజర్ రాసిన నాలుగు లైన్లు

"ఆడి ముక్క కోసీ మామ్మా! మా గుంటణ్ని సావుకి పంపినోడు మా గోడ మీదెందుకు?"

"కొయ్యకండమ్మా. నేను అందులో ఉండాలి."

"ఉండాలా? ఏటి సారూ, ఆడు సచ్చిపోయినాక కూడా పక్కనే నిలబడి ఆర్డరేస్తావేటి?"

"ఒరే అప్పన్నా, నోరు ముయ్యి. కొడుకు నావోడు. ఫొటో నాది."

2014 వేసవిలో, రాజాంలోని మా ఫొటో ఫ్రేముల కొట్టులో జరిగిన గొడవ ఇది. మొదట అరిచినవాడు అప్పన్న, సరిహద్దులో చనిపోయిన శంకర్రావు అనే జవానుకి మేనమామ. కొయ్యొద్దన్నవాడు ఆ జవాను పై అధికారి, మేజర్. మా ప్రాంతం వాడు కాదు గానీ తెలుగువాడే. తమ్ముడి నోరు మూయించింది రాములమ్మ, జవాను తల్లి. మధ్యలో కత్తి పట్టుకుని కూర్చున్నదాన్ని నేను.

నేను మూడో తరగతితో బడి మానేశాను. మా ఆయన పోయాక కొట్టు నేనే నడుపుతున్నాను. మా పనిలో చుట్టూ వచ్చే చెక్క పట్టీని బీడింగ్ అంటారు. ఫొటోకీ బీడింగ్‌కీ మధ్య ఖాళీగా కనబడే దళసరి అట్టని మౌంట్ బోర్డు అంటారు. గాజు కోసేటప్పుడు మిగిలిన ముక్క నేను పారెయ్యను, చిన్న దేవుడి పటాలకి పనికొస్తుంది. అయితే గాజు పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, ఫొటో మీద కత్తి పడితే మళ్లీ అతకదు. ఒకసారి పెళ్లి ఫొటోలో ఎవరినో తీసెయ్యమంటే బతికున్న రెండో అల్లుణ్ని తీసేశాను. ఆ అల్లుడు ఇప్పటికీ మా కొట్టు ముందు నుంచి తల తిప్పుకునే వెళ్తాడు. అప్పట్నుంచీ ఇంటివాళ్లంతా ఒక్కమాట మీదకి వచ్చేదాకా కత్తి ఆనించను.

ఆ ఫొటోలో ఇద్దరే ఉన్నారు. ఇసక బస్తాల ముందు శంకర్రావు, వాడి భుజం మీద చెయ్యి వేసి మేజర్. వాడు నవ్వుతూ ఉన్న ఫొటో అదొక్కటేనట. మర్నాడు వాడి సంవత్సరీకం. పటం పొద్దుటికి కావాలి.

"మనిషిని కోసీగల్ను గానీ, భుజమ్మీది సెయ్యిని ఏటి సెయ్యమంటావు?" అన్నాను అప్పన్నతో.

అతను ఫొటో మీదకి వంగి చూశాడు. రాములమ్మ మాట్లాడింది. ఏడాదిగా ఆమె పడ్డ బాధ అప్పుడు తెలిసింది నాకు.

కబురు వచ్చిన నెలకి, సెలవు మీద పొరుగూరికి వచ్చిన జవాను ఎవడో ఒక మాట అన్నాడట. శంకర్రావు ఆర్డర్ లేకుండా పట్టపగలు పోస్టు దాటి వెళ్లాడని, దుడుకుతనంతో ప్రాణం మీదకి తెచ్చుకున్నాడని. ఆ మాట ఊరంతా పాకింది. కుళాయి దగ్గర, రేషన్ డిపో దగ్గర ఆడవాళ్లు ఆమె ఎదుటే అనేవారట, "మాట ఇన్నోడైతే బతికుండేవోడు" అని. కొడుకు పోయిన దుఃఖం ఒకటి, వాడి తప్పు వల్లే పోయాడన్న మాట ఒకటి. రెండోదే ఆమెని ఎక్కువ తినేసింది.

సంవత్సరీకానికని మేజర్ సెలవు పెట్టుకుని, కొట్టులో గొడవ జరిగిన రోజు పొద్దుటే వాళ్లింటికి వచ్చాడు. ఆమె అతణ్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఒక్కటే అడిగింది.

"బాబూ, మావోడు నీ మాట ఇన్లేదా?"

"మాట విననిది నేనమ్మా" అన్నాడట.

కొట్టులో నా ఎదుట మళ్లీ చెప్పాడు, నేలచూపు చూడకుండా. కొండ మీది పోస్టులో నీళ్లు అయిపోయాయి. అవతలి వాళ్ల కాల్పులకి భయపడి ఎప్పుడూ చీకటి పడ్డాకే మోసేవారు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే శంకర్రావునీ ఇంకో కుర్రాణ్నీ బయల్దేరమన్నాడు. "చీకటి పడనివ్వండి సార్" అన్నాడు శంకర్రావు. ఈయన వినలేదు. వెళ్లిన ఇద్దరూ తిరిగి రాలేదు.

"ఆ రెండో కుర్రాడి ఇంటికి ఎల్లినావా?" అని అడిగాను.

"వెళ్లానమ్మా. వాళ్ల నాన్న తలుపు తియ్యలేదు. మళ్లీ వెళ్తాను."

"మీ పైవోళ్లకి సెప్పినావా ఇదంతా?"

"విచారణలో ఇదే చెప్పాను. ఫైలు పైకి వెళ్లింది. ఏం తేలుస్తారో నాకు తెలీదు."

"ఫైలు పైకెల్తే మావోడు కిందికి దిగొస్తాడేటి?" అన్నాడు అప్పన్న.

"రాడు" అన్నాడు మేజర్.

రాములమ్మ అతని వైపు తిరిగింది. "నాకు సెప్పినావు, బాగున్నాది. ఊరికెవులు సెప్తారు బాబూ? నాను సెప్తే తల్లి కాబట్టి ఎనకేసుకొస్తంది అంటారు."

అతను జేబులోంచి కలం తీశాడు. "రాసి సంతకం పెడతాను. ఈ ఫొటో కింద పెట్టించండి. అందుకే నన్ను తియ్యొద్దంటున్నాను. రాసినవాడెవడో జనం చూడాలి కదా."

అప్పుడు నాకు నా ఇబ్బంది వచ్చింది. దండ పడే పటంలో బతికున్న మనిషిని పెట్టను. మా అత్తగారి నాటి నుంచీ మా కొట్టు కట్టుబాటు అది. ఆ మాటే చెప్పాను.

"పర్వాలేదమ్మా" అన్నాడు.

"నీకు ఫరవాలేదు నాయనా. నీకూ తల్లి ఉంటాది కదా."

అతను తల దించుకున్నది ఆ ఒక్క మాటకే. రాములమ్మే దారి చెప్పింది. "దండ మావోడి మేరకే ఎయ్యి మామ్మా. ఆ తల్లి ఉసురు నాకొద్దు." అప్పుడు తోచింది నాకు. పటం పైన మామూలుగా మధ్యలో కొట్టే దండ కొక్కేన్ని శంకర్రావు వైపు మూలకి జరిపి, చిన్న దండ వేస్తే, అది వాడి ముందే వేలాడుతుంది.

మేజర్ స్టూలు మీద కూర్చుని కాగితం నిండా రాసుకొచ్చాడు. నేను కూడబలుక్కుని చదివాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. కానీ ఫొటో కింద మౌంట్ బోర్డులో రాతకోసం నేను కోసే కిటికీలాంటి ఖాళీ నాలుగు వేళ్ల ఎత్తే ఉంటుంది. దూరం నుంచి చదవాలంటే పెద్ద అక్షరాలు కావాలి.

"ఇంత పట్టదు నాయనా. నాలుగు లైన్లు. అంతకుమించితే ఎవులూ సదవరు."

అతను కాగితం మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. మొదట వాతావరణం గురించి రాసింది కొట్టేశాడు. తర్వాత వైర్‌లెస్ సెట్ పనిచెయ్యలేదన్నది కొట్టేశాడు. సాయంత్రంలోగా నీళ్లు చేరాలని పై నుంచి ఒత్తిడి వచ్చిందన్న లైను దగ్గర కలం ఆగింది.

"అది నిజవేనా?" అన్నాను.

"నిజమే."

"నిజవైతే ఉంచు. ఇంకోటి కొట్టీ."

"లేదమ్మా. సాయంత్రంలోగా అన్నారు, మూడింటికని అనలేదు. ఆ మూడు నాది." ఆ లైనూ కొట్టేశాడు.

చాలామంది పెద్దవాళ్లు నా కొట్టుకి వచ్చారు, సన్మాన పత్రాలు ఫ్రేము కట్టించుకోవడానికి. పేరు ముందు ఏమేం చేర్చాలో చెప్పేవారు. తన గురించి తనే ఒక్కొక్క సాకూ తీసి పక్కన పెట్టిన మనిషిని నేను చూడటం అదే మొదలు. జవాను చచ్చిపోతే పెద్ద ఆఫీసర్లు దండ తెచ్చి వేస్తారని విన్నాను. వాడి తప్పు కాదు, నాది అని చెప్పడానికి రైలెక్కి వచ్చినవాణ్ని చూడలేదు. తప్పు చేశాడు, అది చిన్న తప్పు కాదు. ఆ మాట ఎదుటే అన్నాను కూడా. అయినా ఆ హోదాకి తగిన మనిషి అనిపించింది.

చివరికి మిగిలినవి ఇవి. "శంకర్రావుని పగలు పంపింది నేను. చీకటి పడేదాకా ఆగుదామని అతను చెప్పాడు. నేను వినలేదు. తప్పు నాది, అతనిది కాదు." కింద సంతకం, హోదా.

అప్పన్న ఆ కాగితం తీసుకుని చదివాడు. రెండోసారి చదివాడు. "కోయకు మామ్మా" అని చెప్పి బయటికి వెళ్లి బీడీ ముట్టించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆటోలో పటం ఒళ్లో పెట్టుకుని నేనే వాళ్ల ఊరు వెళ్లాను, కుదుపులకి గాజు పగులుతుందని. లోపల గదిలో వద్దంది రాములమ్మ. వీధి అరుగు గోడకి పెట్టించింది. అప్పన్న మేకు కొట్టాడు. చుట్టాలూ ఇరుగుపొరుగూ చేరాక మేజర్ పటం పక్కన నిలబడి నాలుగు లైన్లూ చదివాడు.

వెనక నుంచి ఒక ముసలాయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "నాకు ఇనబళ్లేదు బాబూ, మళ్లీ సదువు" అన్నాడు.

మేజర్ గొంతు సవరించుకుని మళ్లీ చదివాడు, ఈసారి వీధి చివర కుళాయి దగ్గరికి కూడా వినబడేలా. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు కింద పెట్టి వచ్చారు. అందులో ఒకామె రాములమ్మ పక్కన కూర్చుని చింతపండు పిసకడం మొదలుపెట్టింది. వంటలయ్యాక అప్పన్న మేజర్‌కి విస్తరి వేసి, "కూకోండి" అన్నాడు. అతను తిని, తన విస్తరి తనే తీసి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయాడు.