నేను మార్చిన చుక్క

ఏడేళ్లుగా ఈ మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇంట్లో చెప్పలేదు. పనిచేసే చోట అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నల్లగొండలో పిల్లలు కలగనివాళ్లు వచ్చే దవాఖాన ఒకటి ఉంది. అందులో పిండాలను పెంచే గదిలో నాది ఉద్యోగం. గాజు పళ్లెంలో ద్రవం చుక్కలు వేసి, ఒక్కో చుక్కలో ఒక్కో పిండాన్ని ఐదు రోజులు పెంచుతాం. ఏది గర్భంలో పెట్టాలో మైక్రోస్కోపులో చూసి నేనే చెప్పేదాన్ని. నా కన్ను తప్పదని డాక్టరమ్మ అందరి ముందూ అనేది. ఆ మాట మీదే బతికాను.

అప్పుడు స్వరూప వచ్చింది. మహబూబ్‌నగర్ వైపు పిల్ల. కూలికి పోయే తల్లిదండ్రులు చదివించారు. మా దగ్గరికి రాకముందు చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో ప్రోటీన్ల పరీక్షలు చేసేది. పిండాన్ని తీశాక మేము పారబోసే చుక్కను పారబోయొద్దంది. పెరిగేటప్పుడు పిండం అందులోకి ప్రోటీన్లు వదులుతుందట, వాటిని కొలిస్తే చూపుకు బాగాలేని పిండంలోనూ సత్తువ ఉందో లేదో కొంత తెలుస్తుందట. అదొక్కటే నమ్మొద్దు, అక్క కన్ను కూడా కావాలి అని తనే చెప్పేది. నాకు ఆ అణకువ కూడా గిట్టలేదు.

డాక్టరమ్మ నన్ను ముందుగా అడగడం మానేసింది. కుర్చీ లాక్కుని స్వరూప పక్కన కూర్చునేది. నేను కుళ్లుకున్నాను. దానికి ఇంకో మంచి పేరు వెతకను. తన డబ్బాలోని చింతకాయ తొక్కు నాకు పెట్టేది ఆ పిల్ల, అది తింటూనే ఎప్పుడు తప్పు చేస్తుందా అని కాచుకుని ఉండేదాన్ని. ఎన్నాళ్లు చూసినా చేయలేదు.

పానగల్ నుంచి ఒక జంట వచ్చారు. పత్తి చేలల్లో పనిచేసేవాళ్లు. వాళ్లకు రెండే పిండాలు నిలిచాయి. ఒకటి చూడముచ్చటగా ఉంది, రెండోది కాస్త వంకర. మొదటిదే పెడదామన్నాను. స్వరూప పరీక్ష కూడా చూద్దామంది డాక్టరమ్మ. రెండోది బాగుందని వస్తే? నా కన్ను ఏమైపోవాలి?

చుక్కలను గొట్టాల్లోకి తీసిచ్చేది నేనే. పోల్చి చూసుకోవడానికి ప్రతి పళ్లెంలోనూ పిండం వేయని ఉత్త చుక్క ఒకటి ఉంచుతాం. ఆ ఉత్త చుక్కలో సగం దానికని పెట్టిన గొట్టంలోనే పోశాను, మిగతా సగం రెండో పిండం గొట్టంలో పోశాను. రెండో పిండం పెరిగిన అసలు చుక్కను సింకులో వదిలి కుళాయి తిప్పాను. ఆ ఘడియలో ఆ జంట నాకు గుర్తుకే రాలేదు. స్వరూప ముఖమే కళ్ల ముందుంది.

రెండోదానిలో ఏమీ లేదని ఫలితం వచ్చింది. కన్నూ పరీక్షా ఒకటే చెబుతున్నాయి కదా, రెండోదాన్ని గడ్డకట్టించి దాచడం ఎందుకంది డాక్టరమ్మ. పారేయమంది. అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. కానీ నోరు తెరిచానా? లేదు. నేనే పారేశాను.

మొదటిది గర్భంలో పెట్టాం, నిలవలేదు. రెండోది ఉంది కదా అని ఆ పానగల్ ఆమె అడిగింది. లేదని చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది. మళ్లీ రాలేదు.

మర్నాడు స్వరూప తన కాగితాలన్నీ ముందు వేసుకుని కూర్చుంది.

"అక్కా, పిండం పెరిగిన చుక్క, ఉత్త చుక్క ఒక్కతీరుగ ఎట్ల వస్తయే? నా చెయ్యి గిట్ల తప్పిందా?"

"తప్పే ఉంటది. జర పైలంగ చెయ్యాలె గద స్వరూపా."

"నిజమే చెప్తున్నవా అక్కా?"

"నీకెందుకు అబద్ధం చెప్త?"

తప్పు తనదేనని తనే పోయి డాక్టరమ్మకు చెప్పుకుంది. ఆ పరీక్ష ఆగిపోయింది. రెండు నెలలకు ఉద్యోగం మానేసింది. డాక్టరమ్మ మళ్లీ నన్నే ముందుగా అడుగుతోంది. నాకు కావలసింది ఇదే కదా?

ఆ రెండోది నిలిచేదో లేదో ఎవరికీ తెలియదు. ఎన్నోసార్లు ఆ మాట చాటున దాక్కోవాలని చూశాను. తెలుసుకునే దారిని కుళాయి కింద కడిగేసింది నేనే అయినప్పుడు, దాక్కోవడానికి నాకేం హక్కుంది?

క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు, అడగాల్సినవాళ్ల ముందుకు పోయే ధైర్యం నాకింకా రాలేదు. స్వరూప చెయ్యి తప్పలేదు. ఆమె అడిగినరోజు చెప్పాల్సిన మాట ఇదే. ఇంతకుముందు ఎన్నోసార్లు రాసి చింపేశాను. ఈసారి చింపలేదు.