సిల్లీ పేజీలో నల్ల మరక

మా నర్సీపట్నం లైబ్రరీలో ఒక పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ ఉంది. ఇంటికివ్వరు, అక్కడే బల్ల మీద పెట్టుకుని చదువుకోవాలి. మామూలు డిక్షనరీ మాటకు అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఇది ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎన్ని చేతులు మారి ఇలా తయారైందో కూడా చెబుతుంది. పదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఇంగ్లీషు నేర్పింది అదే. ఈ మాట ఎవరికైనా గర్వంగానే చెబుతాను.

నాది జీడిపిక్కల షెడ్డులో పని. ఉడికించిన పిక్కను మిషను కత్తుల మధ్య పెట్టి కాలితో తొక్కితే రెండుగా విడుతుంది, పెంకులోంచి నూనె కారుతుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా ఆ నూనె వేళ్లను కాల్చి నల్లగా చేసేస్తుంది. లైబ్రరీకి వెళ్లేముందు నిమ్మచెక్కతో చర్మం మండేదాకా రుద్దుకునేదాన్ని. అయినా చెమట పడితే బొటనవేలి గోరు పక్కనుంచి నలుపు మళ్లీ దిగేది. నేను తిప్పిన పేజీ మూలన ఒక నల్ల చుక్క మిగిలేది.

ఆ చుక్కలను పట్టుకున్నది రిటైరైన ఇంగ్లీషు మేస్టారు. పేపరు ఆయన చదివాకే మిగతావాళ్లు చదవాలి. ఉద్యోగాల పరీక్షలకు చదువుకోవడానికి వచ్చేవాళ్లకు, “ముప్పై ఏళ్లుగా ఈ డిక్షనరీని నమిలి మింగినోణ్ణి” అని చెప్పుకునేవారు. ఒక ఆదివారం అందరూ చూస్తుండగా నా ముందున్న పుస్తకాన్ని తన వైపు లాక్కున్నారు.

“ఏటమ్మా ఇది? పిక్కలు కోసిన చేతుల్తో ముట్టుకుంటే ఇది పుస్తకమా, మసిగుడ్డా?”

“కడుక్కునే వచ్చానండి మేస్టారూ.”

“అసలు నీకెందుకమ్మా ఇంత పెద్ద డిక్షనరీ? సిల్లీ ఉమన్!”

నవ్వారు, అందరూ. ఆయన లైబ్రేరియన్ గారి వైపు తిరిగి, రేపట్నుంచి దీన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నారు. లైబ్రేరియన్ గారు మెతక మనిషి, సరేనన్నారు. మేస్టారు వెళ్లిపోయాక నేను పావుగంట అడిగి పుస్తకం తీసుకున్నాను. ఆ ఒక్క మాటా చూసుకోవాలి.

ఆ పేజీలు ఏ వానాకాలపు చెమ్మకో ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. జడపిన్ను దూర్చి, చిరగకుండా మెల్లగా విడదీశాను. మూలన నా నల్ల చుక్క పడనే పడింది. అందులో ఉన్నది ఒక మాట పతనం. మొదట్లో సిల్లీ అంటే సుఖంగా ఉన్నవాడు, దేవుడి చల్లని చూపు పడ్డవాడు. తర్వాత, పాపం ఎరగని అమాయకుడు. తర్వాత, జాలిపడాల్సిన బలహీనుడు. ఆ తర్వాత, చదువురాని పల్లెటూరివాడు. చివరికి బుర్ర లేనివాడు.

“మీరు నన్ను దీవించారండి” అని ఆయనతో అనొచ్చు. నాకు తోచింది కూడా. కానీ ఆయన దీవించలేదు కదా, తిట్టారు. ఆ మాటను ఒక్కో మెట్టూ కిందికి తోసినవాళ్లు ఎవరో నాకు కనిపించారు. ఎదుటివాడు ఎదురు చెప్పలేడని తెలిశాక, వాడి మంచితనాన్నే తెలివితక్కువతనం చేసిన పెద్దమనుషులు. మా మేస్టారు వాళ్లలో ఆఖరివారు. పుస్తకం మూసేటప్పటికి నాలో ఏడుపు లేదు. అంటుకుపోయిన ఆ పేజీలే కళ్ల ముందున్నాయి.

నాలుగు నెలలు ఎదురుచూశాను. ఏటా గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక పాఠకుడికి పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తారు. తాళం వేసిన సిగ్గుతోనేమో, లైబ్రేరియన్ గారు ఈసారి నా పేరు రాశారు. పక్క మిషను మీద పనిచేసే నా స్నేహితురాలిని కూడా రమ్మన్నాను.

“నానేటి సేత్తానే అక్కడ? నాకు ఇంగ్లీసు రాదు.”

“నవ్వడం వచ్చు కదా, రా.”

వేదిక మీద అధ్యక్షుడి కుర్చీలో మేస్టారు. నేను సిల్లీ కథ మొదలుపెట్టాను. దేవుడి చల్లని చూపు దగ్గరికి రాగానే ఆయన మైకు లాక్కున్నారు.

“ఆపమ్మా. సిల్లీ అంటే తెలివితక్కువ, అంతే. ఈ సోదంతా డిక్షనరీలో లేదు. ముప్పై ఏళ్లు చదివినోణ్ణి, నాకు తెలీదా?”

ఈ మాట కోసమే నాలుగు నెలలూ కాచుకున్నాను. “బీరువా తియ్యండి సార్” అన్నాను లైబ్రేరియన్ గారితో.

పుస్తకం బల్ల మీదికొచ్చింది. మేస్టారు తిప్పబోతే పేజీలు కట్టలు కట్టలుగా వచ్చాయి. గోరుతో గీకారు, ఉమ్మి తడి చేశారు. విడలేదు.

“ఆ పేజీ మూలన నా మరక ఉంటాదండి. అది చూసి తియ్యండి.”

తీశారు, చదవక తప్పలేదు. చదువురాని పల్లెటూరివాడు అన్న చోటికి వచ్చేసరికి గొంతు సన్నబడింది.

“గట్టిగా చదవండి మేస్టారూ. వెనక్కి వినపడటం లేదు.”

అప్పుడు వెనక బెంచీ నుంచి నా స్నేహితురాలు లేచింది. “ఏటండి మేస్టారూ, ముప్పై ఏళ్లు సదివేరు కదా, పేజీలు ఇప్పుడు ఇడదీత్తన్నారేటి?”

నవ్వారు, అందరూ. ఆ ఆదివారం నవ్వినవాళ్లే. నేను మాత్రం నవ్వలేదు, ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాను. తాపీగా చూశాను.

డిక్షనరీ మళ్లీ బీరువాలోకి వెళ్లలేదు. పెద్దాయన కదా, పోనీ అనమని కొందరు చెప్పారు. అననండి. నిమ్మచెక్క మానేశాను. ప్రతి ఆదివారం ఆయన బల్ల దగ్గరే, ఎదురు కుర్చీలో కూర్చుని, అంటుకున్న పేజీలు ఒక జత విడదీసి, చదివి, మూలన వేలు అద్ది లేస్తాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటారు. నేను లేని రోజుల్లో లేచి వెళ్లి మరకలు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుంటున్నారని లైబ్రేరియన్ గారు చెప్పారు.

చూసుకోనీ.