గొంతు పట్టేంత హాలు

యిప్ కమ్ వా ఓడల్లో వంటవాడు. మీసాలు సరిగ్గా రాకముందే ఎక్కాడు, జుట్టు నెరిశాక దిగాడు. ఆ మధ్య కాలమంతా అతని నిద్ర ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప మంచాల మీదే. పక్కకి తిరిగితే మోచెయ్యి గోడకి కొట్టుకునేది.

అంతకుముందు మాత్రం ఏం వైభోగం? సింగపూరు చైనాటౌన్‌లో ఒక దుకాణం మేడమీద, చెక్కలు కొట్టి విడదీసిన ఇరుకు కొట్టుగదిలో పుట్టాడు. ఆ చెక్కలు పైకప్పుదాకా ఉండేవి కావు. పక్కన ఎవరు దగ్గినా తెలిసేది. రాత్రి పనివాళ్ళు పగలు పడుకునేవాళ్ళు, పగటి పనివాళ్ళు రాత్రి. ఎవరో ఒకరు ఎప్పుడూ నిద్రలోనే ఉండేవాళ్ళు కాబట్టి అతని తల్లి సౌ యింగ్ గుసగుసగానే బతికింది. పిల్లల్ని తిట్టినా గుసగుసే. భర్త పోయిననాడు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరవాత ప్రభుత్వంవాళ్ళు ఆ కొట్టుగదులు ఖాళీ చేయించి ఒంటిగది అద్దె ఫ్లాటు ఇచ్చారు. అక్కడా ఆమె గొంతు పెరగలేదు.

ఎనభైల మధ్యలో ఇళ్ళ ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. కమ్ వా ఓడ పని మానేసి వచ్చింది అప్పుడే. ఎవరో చెబితే బుకిత్ తిమా వైపు ఒక పాత మూడంతస్తుల అపార్టుమెంటు చూడ్డానికి వెళ్ళాడు. వీధికి రెండు పక్కలా వానచెట్లు పైన కలిసిపోయి పందిరి వేశాయి. తలుపు తీసి లోపల అడుగు పెట్టి అలాగే నిలబడిపోయాడు. సముద్రాలు దాటినవాడే, కానీ నాలుగు గోడల మధ్య ఇంత ఖాళీ ఎప్పుడూ చూడలేదు. చెక్క పలకల నేల, ఎత్తయిన కప్పు, కిటికీల నిండా ఆకులు. చుట్టూ చూసి, ఎవరూ లేరని తెలిశాక, రెండు చేతులూ బారచాపాడు. వేళ్ళకి ఏదీ తగల్లేదు.

అక్క మెయ్ ఫాంగ్‌కి చెబితే నెత్తి కొట్టుకుంది.

"ఒరేయ్, మతుండే మాట్లాడుతున్నావా? లిఫ్టు లేదు, గోడలకి నాచు. అదే డబ్బుకి కొత్తది వస్తుంది, కింద ఈతకొలనుతో సహా."

"నాకు ఈత రాదక్కా."

"ఇన్నేళ్ళు ఓడలో చేసి ఈత రాదేంట్రా!"

"ఓడ మునగలేదుగా."

ఆమెకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "పోనీ అందులో ఏముందని?"

"కొత్తవాటికి తొంభై తొమ్మిదేళ్ళ లీజు. ఇది ఫ్రీహోల్డ్. గడువే లేదు."

కొనేశాడు. తల్లిని తీసుకొచ్చాడు. డెబ్భై ఏళ్ళ సౌ యింగ్ మెట్లెక్కి, హాలు చూసి, గోడ పక్కనే ఒదిగి ఒదిగి నడిచింది. మధ్యలోకి రాలేదు. తెచ్చిన మూటలు విప్పలేదు. వాటి పక్కనే చాప వేసుకుని పడుకుంది. రోజూ ఒకటే ప్రశ్న.

"ఎన్నాళ్ళు ఉండనిస్తారు?"

"మనదేనమ్మా. ఎవరూ పొమ్మనరు."

"అలాగే అంటారు."

చివరికి ఒకరోజు కమ్ వా ఆమెని కిందికి, ఆవరణలో ఉన్న వానచెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇంటికే కాదమ్మా, ఈ నేలకి కూడా గడువు లేదు. ఇందులో మనకీ వాటా ఉంది."

"నేలలో కూడానా? మరి ఈ చెట్టు?"

"చెట్టు నిలబడింది మన నేలమీదేగా."

సౌ యింగ్ ఆ మానుకి అరచెయ్యి ఆనించి పైకి చూసింది. కొమ్మల మీద ఫెర్న్ పొదలు, వాటిపైన మళ్ళీ కొమ్మలు, ఎక్కడో చివర ఆకాశం. మెడ నొప్పెట్టేదాకా చూసింది. పైకెళ్ళి మూటలు విప్పింది.

కొన్నాళ్ళకి, వాన వెలిసిన ఒక పొద్దున, హాల్లోకి మైనా పిట్ట దూరింది. దాన్ని తోలడానికి ఆమె చప్పట్లు కొట్టింది. ఖాళీ హాలు ఆ చప్పుడుని తిప్పి పంపింది. ఆమె ఆగింది. ఇంకోసారి కొట్టింది. తరవాత నెమ్మదిగా హాలు మధ్యకి నడిచి, "ఓ" అంది. ఇంకొంచెం గట్టిగా "ఓ" అంది.

వంటింట్లో గంజి కలుపుతున్న కమ్ వాకి ముందు రేడియో అనిపించింది. ఇంట్లో రేడియో లేదు. గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. తల్లి కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి గాల్లో పెట్టి, పాత కాంటనీస్ నాటకంలో పాట పాడుతోంది. అది ముసలి గొంతు కాదు. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఆ శబ్దం అతని పక్కటెముకల్లోంచి వెళ్ళినట్టయింది. స్టవ్ మీద గంజి పొంగి కారుతున్నా కాలు కదల్లేదు.

పాట ఆగాక అడిగాడు. "అమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?"

"పెళ్ళికి ముందు వీధి నాటకాలు వేసేదాన్ని. అప్పుడు మైకులెక్కడివి? సంత ఆ చివర చేపలమ్మేవాడిక్కూడా వినపడాలి."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎక్కడ పాడను, ఆ కొట్టుగదిలోనా? పక్క మంచం మీదివాడు చెప్పుచ్చుకుని కొట్టేవాడు." ముక్కెగరేసింది. "మాడు వాసనొస్తోంది. ఓడలో కూడా ఇలాగే వండేవాడివా?"

కింది ఇంటి ఐవీ ఒలివేరో అనే రిటైరైన టీచరమ్మ మెట్ల దగ్గరికొచ్చింది. గొడవ పడుతుందేమోనని కమ్ వా భయపడ్డాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "అయిపోయిందా? ఇంకొకటి పాడరా?" అంది.

ఆ ఆదివారం మెయ్ ఫాంగ్ వచ్చింది. గేటు దాటగానే పాట వినపడింది. పైకి రాకుండా మెట్ల మీదే కూలబడింది. తమ్ముడు దిగొచ్చాడు.

"ఎవర్రా పాడేది?"

"అమ్మ."

"ఏ అమ్మ?" అంది అయోమయంగా. ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కనే కూచుని, తమని కని పెంచిన మనిషి గొంతు మొదటిసారి వింటున్నట్టు విన్నారు. నిజంగా మొదటిసారే.

తొంభైల్లో ఆ బిల్డింగు మొత్తం కొని, పడగొట్టి కొత్తది కడతామని బేరగాళ్ళొచ్చారు. అందరూ ఒప్పుకుంటేనే అమ్మకం. చాలామంది ఒప్పుకున్నారు. కమ్ వా వంతు వచ్చింది.

"ఇంత డబ్బు మళ్ళీ చూస్తారా?" అన్నాడు బేరగాడు.

"చూడను," అన్నాడు కమ్ వా. "మా అమ్మ గొంతు పట్టే హాలు కూడా మళ్ళీ చూడను."

ఐవీ కూడా తల అడ్డంగా ఊపింది. కొందరు కొన్నాళ్ళు అతనితో మాట్లాడ్డం మానేశారు. అతను వాళ్ళకీ పండక్కి సూప్ చేసి పంపాడు. గిన్నెలు నాకినట్టు ఖాళీగా తిరిగొచ్చాయి.

సౌ యింగ్ ఎనభై దాటాక కూడా పాడింది. చివరి ఏడాది శ్వాస అందక కూచుని పాడేది. ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. ఆ రోజు మెయ్ ఫాంగ్ హాలు మధ్యలో నిలబడి, నోటికి ఏదీ అడ్డం పెట్టుకోకుండా, గొంతెత్తి ఏడ్చింది. పక్కిళ్ళవాళ్ళు ఎవరూ కిటికీలు మూయలేదు.