చిన్నాయన పాదం కదిలిన రోజు

మా చిన్నప్పుడు, బడికి వెళ్లేముందు నాకొక పని ఉండేది... చిన్నాయన కాళ్లకు నువ్వుల నూనె రాయడం.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. మా ఊరు ఇంద్రేశం నుంచి సైకిల్ మీద పటాన్‌చెరు వెళ్లి ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక సెలవు రోజున గడ్డి బండి మీది నుంచి పడ్డాడు. వెన్ను దెబ్బతింది. నడుము కింద కదలిక లేదు, స్పర్శ లేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున నూనె రాస్తూ పాదాన్ని చటుక్కున పైకి నెట్టాను... అంతే, పాదం టకటకా కొట్టుకోవడం మొదలైంది, కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు. చెయ్యి తీస్తే ఆగింది. మళ్లీ నెడితే మళ్లీ కొట్టుకుంది.

చిన్నాయన కాలు బాగైందన్న నా అరుపుకి ఇంటిల్లిపాదీ వచ్చారు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నానమ్మ వాడకట్టంతా బెల్లం పంచింది. చిన్నాయన మాత్రం పాదం వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"నేను ఊపలే బిడ్డా... నాకేం తెలుస్తలేదు."

ఆయన కాలు కదిలితే ఆయనకు తెలియకపోవడమేమిటో నాకర్థం కాలేదు...

నాలుగు రోజుల తర్వాత జీపు మాట్లాడుకుని సంగారెడ్డి డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన చిన్న సుత్తితో చిన్నాయన మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగిరింది. నా మోకాలికీ కొట్టి చూపించాడు. నాదీ ఎగిరింది, కానీ అంతగా కాదు. అయితే చిన్నాయన కాలే నా కాలికన్నా బాగుందన్నమాట, అనుకున్నాను.

"నా కాలు నా మాట ఇంటలేదు. మరెవరి మాట ఇంటుంది సార్?" అని అడిగాడు చిన్నాయన.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. పాదాన్ని నెడితే పిక్క కండ సాగుతుందట. ఆ కబురు వెన్నుపాముకు చేరితే, కండల్ని కదిలించే నరాలు అక్కడి నుంచే బిగుసుకొమ్మని చెబుతాయట. తల దాకా పోనక్కర్లేదట. మామూలుగా మెదడు వాటిని అదుపులో పెడుతుంది, ఆ దారి తెగింది కాబట్టే ఇంత ఎగురుడు... నడక వస్తుందని కాదు.

ఆ సాయంత్రానికి ఇంటికి తిరిగొచ్చాం.

మర్నాడు ఆ పాదం ముట్టుకోవాలంటే భయమేసింది. బాగైందని అందరికీ చెప్పింది నేనే కదా... గడప దగ్గరే నిలబడిపోయాను. చిన్నాయనే పిలిచాడు.

"రా బిడ్డా, నూనె రాయి. మాట ఇనకుంటె ఇనకపాయె... నా కాలే గద."

రాశాను. చాలా ఏళ్లు రాశాను. ఆయన మళ్లీ నడవలేదు. చక్రాల కుర్చీలో కూర్చునే కిరాణా దుకాణం నడిపాడు.

ఇప్పుడు ఇంద్రేశం నిండా ఇళ్ల స్థలాల వెంచర్లే... ఏ అనుమానం వచ్చినా ఫోన్‌లో క్షణంలో తేలిపోతుంది. అప్పుడే ఫోన్ ఉంటే మా ఇంటికి ఆ నాలుగు రోజుల సంతోషం దక్కేది కాదు. దక్కడం మంచిదైందో కాదో... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తెలియక సంతోషపడ్డ రోజులు మీ ఇంట్లోనూ ఉన్నాయా?