చిన్న చెయ్యి ఉన్న మనిషి

నిరుడు నవంబరు మొదటి సోమవారం ఉదయగిరిలో, గొర్రెల పెంపకందారుల సంఘం నడిపే పశువైద్య కేంద్రంలో చేరాను. వారానికి మూడు రోజులు, పదకొండు నుంచి రెండు దాకా. అంతకు మూడేళ్ల ముందు ఆత్మకూరులో సహాయ సంచాలకురాలిగా, అంటే డివిజనులోని పశువైద్యులందరికీ పై అధికారిగా, పదవీ విరమణ చేశాను. కీళ్లవాతం అప్పటికే నాతో ఉంది. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుని ఉంటాయి. పది దాటితేగాని చీర పిన్ను పెట్టుకోలేను. అందుకే పదకొండు అన్నాను. రైతులు జీవాలను మేతకు తోలేముందే తెస్తారని సంఘంవాళ్లు నసిగారు. పదకొండు దాటాకే జబ్బు పడమని మీ గొర్రెలకు చెప్పండి అన్నాను. నవ్వి ఒప్పుకున్నారు.

ఈ చుట్టుపక్కల నాకు పేరు తెచ్చింది చదువుకన్నా నా చెయ్యి. ఈనలేక అవస్థపడే గొర్రెకు లోపల చెయ్యి పెట్టి, పిల్ల ఎలా ఉందో తడిమి చూడాలి. అక్కడ చోటు తక్కువ, చాలామంది మగ డాక్టర్ల చెయ్యి పట్టదు. నాది సులువుగా పోయేది. సీతారామపురం వైపు నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ చెయ్యి ఇప్పుడు కణుపుల దగ్గర వాచి ఉంది. కీళ్లనొప్పులని సంఘంవాళ్లకు చెప్పానుగాని, చెయ్యి పట్టదని మాత్రం చెప్పలేదు.

మొదటి వారమే దాని ఫలితం చూశాను. ఊళ్లోనే నాలుగు జీవాలు సాకే డ్రైవరు ఖాదర్ బాషా తొలిచూలు గొర్రెను తెచ్చాడు. గ్లౌజు తొడిగి ప్రయత్నించాను. చెయ్యి కణుపుల దగ్గర ఆగిపోయింది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ అరగంట గడిపాను. చివరికి గొర్రె తనంతట తానే ఈనింది, పిల్ల చచ్చి పుట్టింది. ఆలస్యంగా తెచ్చావని తప్పు ఆయన మీదికే నెట్టాను. ఆయన తల వంచుకుని పోయాడు. ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండు వారాలకు మాలకొండయ్య, ఆయన భార్య పెంచలమ్మ ఆటోలో ఒక గొర్రెను తెచ్చారు. నీటిబుడ్డ పగిలి గంటయింది. పిల్ల మూతి, ఒక్క కాలు మాత్రం కనిపిస్తున్నాయి. రెండు ముందుకాళ్లూ, వాటి మీద మూతీ కలిసి రావాలి. ఒక కాలు వెనక్కి ఉండిపోతే భుజం అడ్డం పడుతుంది, లాగితే తల్లికీ పిల్లకూ ప్రమాదం. చేతులు కడుక్కుని ఆగాను. నా చెయ్యి పట్టదని చెప్పేశాను.

"మరి మేమెవురి కోసం వచ్చినామమ్మా?" అన్నాడు మాలకొండయ్య.

న్యాయమైన ప్రశ్నే. నేను పెంచలమ్మ చేతులు చూశాను. సన్నటివి. ఆమె గోళ్లు కత్తిరించి, మోచేతిదాకా సబ్బుతో కడిగించి, గ్లౌజుకు పారఫిన్ నూనె రాశాను. గొర్రె ముక్కేటప్పుడు చెయ్యి కదపొద్దనీ, నొప్పి తగ్గినప్పుడే పిల్ల తలను మెల్లగా వెనక్కి నెట్టాలనీ చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని తడిమింది.

"కాలు దొరికినాది. ముందుదో ఎనకదో తెలవలా."

కవలలుంటే రెండో పిల్ల వెనకకాలు చేతికి రావచ్చు. డెక్క పైనున్న రెండు కీళ్లనూ మడిచి చూడమన్నాను. రెండూ ఒకే వైపు మడతపడితే ముందుకాలు.

"రెండూ ఒక తట్టే మడతపడతా ఉండాయి," అంది.

డెక్క తల్లికి గుచ్చుకోకుండా అరచేతిలో కప్పి ముందుకు తెమ్మన్నాను. తెచ్చింది. మిగతా పని గొర్రే చూసుకుంది. పిల్ల ముక్కు తుడిచి గడ్డిపరకతో గిలిగింత పెడితే తుమ్మింది. నీకూ డాక్టరని ఒక బోర్డు రాపిస్తాలే అని మాలకొండయ్య పెళ్లాన్ని ఆటపట్టించాడు.

ఆ బోర్డు మాట నాకు నచ్చింది. కేంద్రం గోడ మీద పనివేళల కింద ఒక వాక్యం రాయించాను: "ఈనలేని గొర్రెను తెచ్చువారు చిన్న చెయ్యి ఉన్న మనిషిని వెంట తీసుకురావలెను."

ఆ సాయంత్రమే ఖాదర్ బాషా ఇంటికి పోయి, ఆలస్యం ఆయనది కాదనీ నాదనీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఇంతే అన్నాడు:

"అప్పుడే చెప్పుంటే మా ఇంటామెను పిలిచుందును గదమ్మా. ఆస్పత్రికి ఇల్లు పక్కనే ఉండాది."

ఇప్పటికీ వారానికి మూడు రోజులు పోతున్నాను, పని బాగానే సాగుతోంది. జీవాన్ని ముట్టుకునే ముందు, ఈ రోజు నా చెయ్యి ఏం చేయగలదో ఏం చేయలేదో ఆసామికి చెబుతాను. ఆ తర్వాతే గ్లౌజు తొడుగుతాను.