కాంతమ్మ నిద్ర

రామకుప్పం దగ్గర రాగి చేను చేసుకునే కాంతమ్మకు, ఏనుగులు చేలోని కాపలా గుడిసెను తొక్కేసినప్పటి నుంచి నిద్ర దూరమైంది. అప్పుడు గుడిసెలో ఉన్న ఆమె, భర్త తిమ్మప్ప ఎలాగో ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా, ఏనుగులు అటు రాకపోయినా ఆమె కంటికి కునుకు లేదు. పగలంతా తూలుతూ తిరిగేది. అత్త సోమరితనమంది. ఊళ్లోవాళ్లూ అదే అన్నారు. తిమ్మప్ప ఒక్కడే అడ్డం పడేవాడు. "పక్కనుండే నాకు తెలీదా? దానికి నిద్ర లేదు" అనేవాడు. ఆ మాటే ఆమెకు ఆసరా.

మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో నిద్రను పరీక్ష చేస్తారని తెలిసి అతనే తీసుకెళ్లాడు. అక్కడ తలనిండా తీగలు అంటించి పడుకోబెట్టారు. నిద్రలో మెదడు చేసే పనిని ఆ తీగలు కంప్యూటర్లో గీతలుగా చూపిస్తాయి.

తెల్లారాక కాంతమ్మ, "ఒక్క కునుకూ పట్టలేదప్పా" అంది.

తీగలు విప్పుతున్న టెక్నీషియన్ ప్రదీప్, "నిద్రపోయినావు గదమ్మా! వివరంగా డాక్టరమ్మ సూసి చెప్తాది" అన్నాడు.

పక్కనే ఉన్న తిమ్మప్ప ఆ మాట విన్నాడు. తిరుగుదారిలో పుంగనూరులో అతని అక్క శారదమ్మ ఇంట్లో భోజనానికి దిగారు. కంచం ముందు కూర్చున్నాక అతను నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇన్నేండ్లు నన్ను ఎర్రోణ్ణి చేసిందక్కా. మిషన్లో దొరికిపొయ్యింది. గుర్రుపెట్టి నిద్రపొయ్యిందంట!"

గురక సంగతి ప్రదీప్ అననే లేదు. శారదమ్మ పగలబడి నవ్వింది. కాంతమ్మ కలిపిన ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఊరంతా అన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

రిపోర్టుకు ఒక్కతే వెళ్లింది. డాక్టర్ ఫెబా గీతలు చూపించింది.

"ఈ పెద్ద అలలు నిద్రలో వచ్చేవమ్మా. వాటి మీద సన్నగా వణికేవి సూడు, అవి మెలకువలో వచ్చేవి. కొందరికి ఇట్లుంటాది. నువ్వు నిద్రపోయినా నీ మెదడు పూర్తిగా పడుకోలేదు. అందుకే నిద్రపోయినట్టు నీకు తెలీలేదు. నువ్వు చెప్పింది అబద్ధం కాదు."

తర్వాత ఫెబా తిమ్మప్పకూ ఫోన్ చేసి చెప్పింది. ఆమె ఇల్లు చేరాక అతను తల దించుకుని దగ్గరికి వచ్చాడు. "తప్పయిపొయ్యింది కాంతా. ఇప్పుడు నమ్ముతాండా."

"అప్పుడు వాళ్లు చెప్తే నమ్మితివి. ఇప్పుడూ వాళ్లు చెప్తేనే నమ్ముతాండావు. నేను చెప్తే యాల నమ్మలేదు?"



నిద్ర ముంచుకొస్తేనే పడక ఎక్కాలని, రోజూ ఒకే వేళకు లేవాలని ఫెబా చెప్పింది. కాంతమ్మ విడవకుండా పాటించింది. కొన్ని నెలలకు ఒక పొద్దున, నిజంగా నిద్రపోయి లేచానని ఆమెకే తెలిసింది. వెంటనే ఫెబాకు ఫోన్ చేసి చెప్పింది. పెరట్లో ముఖం కడుక్కుంటున్న తిమ్మప్పకు మాత్రం చెప్పలేదు.