కొమ్ము కోస్తే నెత్తురు రాదు

యాభై దాటాక సౌదీలోని అల్ ఖోబర్‌లో నాకు అక్షరాలు వచ్చాయి. క్యాంపు మెస్సులో గిన్నెలు కడిగేవాణ్ణి. నా గదిలో ఉండే డ్రైవరు సెలవు శుక్రవారాలు కూర్చోబెట్టి దిద్దించాడు. రెండేళ్ళకు కూడబలుక్కుంటూ రాయడం వచ్చింది. అప్పుడే మనవాళ్ళు ఉగాదికి తెలుగు పత్రిక వేస్తున్నారని తెలిసి, నేనూ రాశాను. నా రాత అచ్చులో చూసుకోవాలని, నన్ను వేలిముద్రగాడన్నవాళ్ళకు ఊరికి ఒకటి పంపాలని ఆశ.

నేను రాసింది నారా గురించి. అది జపాన్‌లో ఒకప్పటి రాజధాని. మా క్యాంపులోని ముసలి జపాన్ ఇంజనీరుది ఆ ఊరు. వచ్చీరాని ఇంగ్లీషులో, మాట అందకపోతే చేతులతో చెప్పేవాడు. దేవుడు తెల్ల జింకనెక్కి ఆ ఊరికి వచ్చాడట. ఇప్పటికీ జింకలు వీధుల్లో తిరుగుతాయి, బిస్కెట్టు చూపిస్తే తల వంచుతాయి. పూర్వం ఎవరి గుమ్మం ముందు జింక చచ్చి పడితే వాళ్ళకు శిక్ష. అందుకని అందరూ చీకటితోనే లేచి వాకిలి చూసుకునేవారట. కనబడితే పక్కింటి ముందుకు ఈడ్చేవారట! చలి పోయే ముందు గుడి ఎత్తు వసారాలో పెద్ద దివిటీలతో పరుగెత్తుతారు. రాలే నిప్పురవ్వ మీద పడితే మంచిదని జనం కింద నిలబడతారు. పీర్ల పండక్కి నిప్పుల గుండం చుట్టూ ఆడినవాణ్ణి, నాకది వింత కాదు.

పత్రిక చూసే ఇంజనీరు సారు కోస్తావాడు. కాగితాలు పట్టుకుని మా గదికి వచ్చాడు.

"బాగుంది పెద్దాయనా. కానీ నీకు జపానెందుకు? నీ కష్టాలు రాయి. చదివితే కళ్ళనీళ్ళు తిరగాలి."

"నా కష్టం నాకెరుకే సారూ. పొద్దుమాపు చూస్తనే ఉన్న. మళ్ళ రాసుడెందుకు?"

"పైగా ఇదేంటి? దేవుడి జింకంటావు, రంపంతో కొమ్ములు కోస్తారంటావు. నెత్తురు కారదూ? ఇది కొట్టేయాల్సిందే."

డ్రైవరు ఒప్పుకొమ్మని నా మోచేయి గిల్లాడు.

నేను మేకలు కాసినవాణ్ణి. కొమ్ము విరిగితే నెత్తురెలా కారుతుందో తెలుసు. అందుకే ముసలాయన్ని ఆనాడే అడిగాను. ఆయన గోరు కత్తిరించినట్టు చేసి చూపించాడు. జింక కొమ్ము ఏటా రాలి ఏటా మొలుస్తుంది. కోసే వేళకు ఎండి ఉంటుంది. మగ జింకలు మదమెక్కి జనాన్ని పొడవకుండా తాళ్ళతో పట్టి, తల కింద మెత్త పెట్టి, నీళ్ళు తాగించి, పూజారి కోస్తాడు. కొమ్ము దేవుడికిస్తారు.

"గోరు తీసుకుంటరు గద సారూ, నెత్తురొస్తదా?"

"అది వేరు."

"వేరెట్ల? మీరెన్ని మేకలు కాసిన్రు?"

పై మంచం మీద ఎవరో కిసుక్కుమన్నారు. సారు మొహం మాడింది.

"అయితే వేయను."

"మంచిది. నా కాగితాలు నాకియ్యుండ్రి."

ఊరికి పంపడానికి పత్రిక లేకపోయింది. ఆ కాగితాలనే మెస్సు గోడకు అతికించాను. వరసలో నిలబడి అన్నం కోసం చూసే మనవాళ్ళు చదివారు. ముసలాయన కూడా వచ్చి నిలబడ్డాడు. కొమ్ముల మాట ఉన్నచోట వేలు పెట్టి, నా గోరు చూపించాను. ఆయన తల వంచాడు. నేనూ వంచాను. బిస్కెట్టు మాత్రం ఇద్దరి దగ్గరా లేదు.

ఒక్క అక్షరం కొట్టేయలేదు.